మూడు వేళ్ళు పట్టని నోరు

మధ్యాహ్నం మూడు కాగానే ఆ కుట్టు షెడ్డులో మేస్త్రి కిళ్ళీల పళ్ళెం పట్టుకుని మిషన్ల మధ్య తిరిగేవాడు. ఎంత మంచివాడో అనుకునేవారు ఆడవాళ్ళు. ఒకటి బుగ్గన పెట్టుకుంటే ఆకలి చచ్చిపోతుంది, కునుకు రాదు, ఆరింటి దాకా మిషను ఆగదు. ఆ మంచితనం ఎవరి కోసమో ఒక్కరూ అడగలేదు.

కాలర్లు కుట్టే అక్క పన్నెండేళ్ళుగా కుడి బుగ్గనే పెట్టుకునేది. అక్కడ పుండు లేచింది. దానికి కాస్త విశ్రాంతి ఇద్దామని కిళ్ళీని ఎడమ బుగ్గకు మార్చింది! మానాలని మాత్రం తోచలేదు.

కొన్ని నెలలకు దారం కొరకలేక కత్తెర అడిగింది.

"నీ పళ్ళకంటే పదునైన కత్తెర ఈ షెడ్డులో ఉందా అక్కా?" అంది పక్క మిషను మీదున్న తోడికోడలు.

అక్క నవ్వబోయింది. దవడ కదల్లేదు. తోడికోడలి నవ్వూ ఆగిపోయింది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ, "మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోండమ్మా" అంది. మూడూ పట్టాల్సిన నోట్లో ఒక్క వేలే పట్టింది. క్యాన్సర్ అనుమానం ఉందంది డాక్టరమ్మ.

"నేను పొగాకు వేసుకోనమ్మా! వట్టి వక్కా సున్నమే" అంది అక్క.

"పొగాకు కలిస్తే ఇంకా ప్రమాదం. కానీ క్యాన్సర్ రావడానికి వక్క ఒక్కటి చాలు. పుండు లేచినప్పుడే రావలసింది తల్లీ."

పుండు నుంచి ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే. కుడి దవడ, నాలుకలో కొంత తీసేశారు. అక్క బతికింది. ఇదివరకు రోజూ బడికి బయలుదేరే కూతురితో గుమ్మంలో "జాగ్రత్తే బంగారం" అనేది. ఇప్పుడు ఆ మాట నోట పలకదు. చెయ్యి ఊపుతుంది. ఆ పిల్ల సందు మలుపు దాకా వెనక్కి చూసుకుంటూనే వెళ్తుంది.

ఆసుపత్రిలో అక్కకు తోడుండి తోడికోడలు తిరిగి పనిలోకి వచ్చిన రోజు మూడింటికి మళ్ళీ పళ్ళెం వచ్చింది. ఆమె తీసుకోలేదు.

"ఏంటమ్మాయ్, ఉత్తినే ఇస్తుంటే అలక దేనికి?"

"ఉత్తినేనా మేస్త్రిగారూ? మా అక్క నోటి మాట లాక్కున్నారుగా! అన్నం తినడానికి అరగంట ఇవ్వలేక ఇది నోట్లో కుక్కుతారా? అమ్మా, అందరూ మూడు వేళ్ళు నోట్లో పెట్టి చూసుకోండి!"

మిషన్లు ఆగాయి. నలుగురికి మూడో వేలు పట్టలేదు. మేస్త్రి చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది.

అమ్మలారా, అయ్యలారా! రెండు వారాలకు మానని పుండునూ, బిగుసుకుపోతున్న నోటినీ దాచుకోకండి. వక్క ఉమ్మేసి ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పని చేయించుకునే పెద్దలారా, మీకూ ఒక మాట: ఆకలితో ఉన్న మనిషికి పెట్టవలసింది అన్నం, వక్క కాదు.