రెండు చుట్ల బైండింగ్ వైరు

మా ఆయనకి అన్నీ రాసిపెట్టుకునే జబ్బు. అద్దెకున్నవాళ్లు కుళాయి కారుతోందన్నా, తలుపు బిగుసుకుపోయిందన్నా, వెళ్లి చూసి నోటుబుక్కులో తేదీ వేసి, పక్కన ‘చూశాను’ అని రాసి సంతకం పెడతాడు. బాగు చేయించడం మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా కనిపించదు. మూడు వాటాల వాళ్లూ చాటుగా ఆయన్ని నోటుబుక్కు మాస్టారు అంటారని తెలిసి నేనూ నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పైవాటాలో ఒక టైలరమ్మ ఉంటుంది. కుట్టుమిషను తప్ప ఆమెకి వెనకాముందూ ఎవరూ లేరు. మెట్ల మలుపు దగ్గర ఇనప కమ్మీ వదులైందని వానలు మొదలైనప్పుడే చెప్పింది. మా ఆయన పైకెళ్లి దాన్ని ఊపి చూశాడు. వెల్డింగువాడు చెప్పిన ధర విని, వచ్చే నెల చూద్దామని పంపేశాడు. రెండు చుట్లు బైండింగ్ వైరు చుట్టి, కిందికొచ్చి పుస్తకంలో రాసుకున్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడంలో మా ఆయన తర్వాతే ఎవరైనా. నేను మాత్రం ఏం చేశాను? రోజూ ఆ మెట్ల కిందనుంచే పెరట్లోకి వెళ్లొచ్చాను.

నాలుగు నెలల తర్వాత ఆమె కుట్టిన బట్టల మూట చంకన పెట్టుకుని దిగుతూ ఆ కమ్మీని పట్టుకుంది. కమ్మీ ఊడి ఆమెతోపాటే కింద పడింది. నడుము విరిగింది. రెండో ఆపరేషన్ ఈ నెలలోనే చేయకపోతే ఇక లేచి నిలబడలేదని డాక్టరు తేల్చేశాడు.

మొదట్లో మా ఆయన పెద్దగా బెదరలేదు. ఇంటికి ఇన్సూరెన్స్ ఉందని కొండంత ధీమా. పాలసీ తీసుకున్న రోజు ఏజెంటు మా వరండాలో కూర్చుని, ఇంటికి జరిగే నష్టం వేరు, ఇంటివల్ల మనుషులకు జరిగే నష్టం వేరు, రెండూ తీసుకోండని విడమరిచి చెప్పాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మా ఆయన ఆ రోజు రెండిటికీ కట్టాడు. ఆమె పడ్డ వారానికి ఆ కాగితాలు తీసి చివరిదాకా చదివాడు. అందులో ఒక షరతుంది. ప్రమాదకరంగా ఉందని తెలిసి కూడా యజమాని బాగు చేయించకపోతే కంపెనీ పైసా ఇవ్వదు; ఇక ఆపరేషన్ ఖర్చుకి మేం ఇల్లు అమ్ముకోవాల్సిందే. ఆయన ఆ కాగితం నా చేతికిచ్చి, పుస్తకం వైపు చూశాడు.

ఆ పేజీ నేనే చించాను. పేజీ మడత పడితేనే ఓర్చుకోలేని మనిషి, చూస్తూ ఊరుకున్నాడు. ఆపరేషన్ జరిగేది ఆమెకే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇల్లు దక్కేది మాకు కదా అన్న మాట గొంతులోనే నొక్కేశాను.

ఇక టైలరమ్మకి ఒక్క మాట చెప్పాలి. ముందే చెప్పానని అనొద్దని. అందుకోసం మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లాను. మూడుసార్లూ దిండు సర్ది, తల దువ్వి తిరిగొచ్చాను. ఆ మాట అడగాలంటే, మేం తెలిసీ బాగు చేయించకపోబట్టే నువ్వు పడ్డావని ఒప్పుకోవాలి. సిగ్గేసింది, అంతే.

క్లెయిము పెట్టాక, విచారణకి ఇన్సూరెన్స్ సర్వేయరు ముందు మా ఇంటికి వచ్చాడు. నెమ్మదైన మనిషి. కమ్మీ వదులైన సంగతి మీకు తెలుసా అని అడిగాడు.

“తెలీదండీ. తెలిస్తే ఊరుకుంటానా?” అన్నాడు మా ఆయన.

అక్కడినుంచి ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. సర్వేయరు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఏం జరిగిందో చెప్పమన్నాడు. ఆమె మా ఆయన మొహం చూసింది. అది పాలిపోయి ఉంది. సర్వేయరు మమ్మల్ని ఏదో కేసులో ఇరికించడానికి వచ్చాడనుకుందేమో, చేతుల మీద లేవబోయింది.

“వాళ్లనేం అనకండి బాబూ. నేను చెప్పిన రోజే అన్నయ్యగారు పైకొచ్చి చూశారు. స్వయంగా ఊపి చూసి, తన చేత్తోనే వైరు కట్టారు. ఇంకో ఇంటాయనైతే మెట్లెక్కేవాడా?”

సర్వేయరు కలం ఆగింది. “ఎప్పుడు చెప్పారమ్మా?”

“వానలు మొదలైనప్పుడు.”

అతను తేదీ వేసి, ఆ మాటలన్నీ రాసి, చదివి వినిపించాడు. ఆమె అన్నిటికీ తలూపి, పడుకునే సంతకం చేసింది. అతను మా వైపు చూడకుండా సంచీ సర్దుకుని వెళ్లాడు. మా ఆయన కూడా బయటికి వెళ్లిపోయాడు.

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“బాగానే చెప్పాను కదా వదినా? మీకేం ఇబ్బంది రాదు కదా?”

“బాగా చెప్పావమ్మా,” అన్నాను.