బయట గడియ లేని తలుపు

ముందుగా వినబడింది ఆకురాయి చప్పుడు. ఇత్తడి మీద గరగర, చిన్న విరామం, మళ్ళీ గరగర. చికిత్సా కేంద్రం వరండా బల్ల మీద కూర్చున్న, తాళాలు చేసే అక్క చెవులు రిక్కించింది. ఆ విరామం ఆమె ఎరిగినదే. తోసేటప్పుడే కోత, లాగేటప్పుడు ఎత్తిపట్టాలి అని నాన్న అక్కాతమ్ముళ్ళిద్దరికీ నేర్పిన పని అది. గోడ అవతల పనిగదిలో తమ్ముడున్నాడు. గుండె కుదుటపడింది, మరుక్షణమే ఒళ్ళు మండింది.

మత్తుమందు కోసం వాడు తమ దగ్గర తాళాలు కొనే ఒకాయన దుకాణం తాళం తీసి దొరికిపోయిన నాటి నుంచి ఆమె నోట తమ్ముడి పేరు లేదు, ఇంట్లో పిలిచే ముద్దుపేరూ లేదు. "అతగాడు" అంటుంది, అంతే. కోర్టు దయతలచి జైలుకు బదులు చికిత్సకు పంపింది. నిన్నగాక మొన్న అతగాడు ఇక్కడి నుంచీ జారుకున్నాడు. మత్తు పుచ్చుకుని, తెల్లారాక తనంతట తానే తిరిగొచ్చాడు. మళ్ళీ చికిత్సా, జైలా? కోర్టు ఇప్పుడు ఇంటివాళ్ళ మాట అడుగుతోంది.

డాక్టరమ్మ రాగానే అక్క సంచిలోంచి బరువైన తాళం తీసి బల్ల మీద పెట్టింది.

"నా చేతి పని. ముందు అతగాడి గదికి ఇది వేయండి. తర్వాత మాట్లాడుకుందాం."

డాక్టరమ్మ దాన్ని చేత్తో తూచి నవ్వింది. "ముచ్చటగా ఉంది. దీన్ని మీవాడు తీయలేడంటారా?"

ఇంట్లో అక్క మార్చని తాళం లేదు. బీరువాకు, వీధి తలుపుకు, చివరికి వాడి గదికీ బయటి నుంచి వేసి చూసింది. పొద్దున్నే లేచేసరికి ఆ తాళం చిన్న గీతైనా పడకుండా గుమ్మం పక్కన ఒద్దికగా కూర్చుని ఉండేది.

"మా గదులకు బయట గడియలే లేవమ్మా. ఇది జబ్బు, తిరగబెడుతుంది. వాడు వెళ్ళడం చూశారు, రావడం కూడా చూడండి."

అక్క పనిగది తలుపు తోసింది. వాడు లేచి నిలబడ్డాడు. చిక్కి సగమయ్యాడు. గోళ్ళ సందుల్లో ఇత్తడి పొడి.

"ఏమిటా రుద్దడం?"

"సామాన్ల గది తాళంచెవి విరిగిందట, అక్కా."

"బాగుంది సంబడం! నీ చేతికే ఇచ్చారూ?"

"నేనూ అదే అన్నాను."

ఇద్దరికీ నవ్వు రాబోయి ఆగింది.

"ఎందుకు తిరిగొచ్చావు?"

వాడు ఆకురాయి కింద పెట్టాడు. "భయమేసింది. ఇంటికొస్తే నువ్వు తలుపు తీయవు. తీయకపోయినా నేను లోపలికి రాగలను. అదే భయం. ఇక్కడైతే బెల్లు కొట్టాలి, ఎవరో వచ్చి తీయాలి. గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. చేయి లేవలేదు."

"కొట్టావుగా?"

"కొట్టాను."

తలుపులు తీయడం వాడికి వెన్నతో పెట్టిన విద్య. జైలుకు పోతే అందులో ఇంకా రాటుదేలతాడు. బెల్లు కొట్టి నిలబడడం మాత్రం వాడి బతుకులో ఇప్పుడే, ఇక్కడే మొదలైంది.

డాక్టరమ్మ గుమ్మంలోంచి ఫోను అందించింది. "కోర్టు ఆఫీసరు లైనులో ఉన్నారు."

"ఇక్కడే ఉంచండి సార్," అంది అక్క. "మళ్ళీ పడితే మళ్ళీ లేపుతాం. వారం వారం నేనొచ్చి పక్కన కూర్చుంటా."

"ఎవరినమ్మా ఉంచమంటున్నారు? పేరు చెప్పండి."

ఆమె తమ్ముడి ముఖంలోకి చూసింది. వాడు తల వంచుకోబోయి, వంచుకోలేక నిలబడ్డాడు.

"మీ కాగితాల్లో ఏముందో గాని సార్, మాకు మాత్రం వాడు... మైనా."