ఖాళీ ఇంటి పెద్దమ్మ

నీలమ్మ పొద్దున్నే రెండు పొయ్యిలు వెలిగించింది. ఒకటి తన గంజికి, రెండోది ఊరికే. రెండో పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్లు పెట్టి, పొగ బాగా లేచేలా పచ్చికట్టె ఒకటి దూర్చింది. పెరట్లో దండెం మీద మగవాళ్ల చొక్కా ఒకటి, చిన్నపిల్ల గౌను ఒకటి తడిపి ఆరేసింది. ఎనిమిది నెలలుగా ఎవరూ తొడుక్కోకుండానే ఉతుకులు తిని ఆ గౌను రంగు వెలిసిపోయింది. గుమ్మం దగ్గర మూడు జతల చెప్పులు వరుసగా పెట్టి, ఒకదాన్ని కాలితో పక్కకు తోసింది. పిల్లాపాపా ఉన్న ఇంట్లో చెప్పులు అంత బుద్ధిగా ఉండవని ఆమెకు తెలుసు.

నవ్వొస్తే నవ్వండి గానీ, ఇదే ఆమె బతుకుతెరువు.

హుస్సేనీ ఆలంలోని ఈ ఇల్లు ఆనందరావుది. ఆయన ఉండేది సంతోష్‌నగర్‌లో. డెబ్బైల నాటి మాట ఇది. అప్పట్లో ఇల్లు ఖాళీ అయితే యజమాని సర్కారు కిరాయిల కచేరీలో చెప్పుకోవాలి. చెబితే కచేరీవాళ్లు ఎవరో సర్కారు నౌకరును తెచ్చి, తాము ఖాయం చేసిన కిరాయికి అందులో కూర్చోబెడతారు. కూర్చున్నవాడు ఇక లేవడు. ఇంటివాళ్లే ఉంటున్నారని కచేరీ ఇన్‌స్పెక్టరు రాసుకుపోతే మాత్రం ఆ ఇంటి జోలికి రారు. తర్వాత ఎవరికి ఇచ్చుకున్నా అడిగేవాడుండడు. అందుకని ఖాళీ ఇంట్లో కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. ఎవరింటి ముసలామె అని చెప్పినా నమ్మబుద్ధేసే ముఖం కావాలి. నీలమ్మది అచ్చం అలాంటి ముఖం. ఎండిన బుగ్గలు, నెరిసిన ముడి, ఎవరినీ ఏమీ అడగని కళ్లు.

బస్తాలు మోసే భర్త శివయ్య పోయి, కిరాయి గది కూడా పోయిన ఏడాది మొదలైంది ఈ పని. పద్నాలుగేళ్లలో ఎందరికి పెద్దమ్మ అయిందో, ఎందరికి మేనత్త అయిందో ఆమెకే గుర్తులేదు. తిండి, నీడ, పండక్కి ఓ చీర. ఇల్లు కిరాయికి పోగానే మూట కట్టుకోవాలి. ఏ ఇంట్లోనూ మూడు నెలలు దాటి ఉండలేదు. ఇక్కడ మాత్రం ఇన్‌స్పెక్టరు రాక ఆలస్యమై ఎనిమిది నెలలు గడిచాయి. పైగా ఆనందరావు మాట ఇచ్చాడు: "పని ఐనంక ఎనక అర్ర నీకే. సచ్చేదాక ఉండు." వెనక గది తనదేనన్న ఆ మాటను ఆమె ఎంత గట్టిగా పట్టుకుందో తలుచుకుంటే జాలేస్తుంది.

పదకొండు గంటలకు ఇన్‌స్పెక్టరు ఈశ్వరయ్య సైకిలు దిగాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. పొయ్యిలు చూశాడు, దండెం చూశాడు, గౌను అంచు పట్టుకుని చూశాడు. తర్వాత ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాడు.

"నిన్ను ఉస్మాన్‌గంజ్‌ల రామ్‌చందర్ ఇంట్ల చూసిన. ఆయనకు మేనత్తవని నేనే రాసిన. అవునా, కాదా?"

నీలమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. "ఏమో సారు. నా అసొంటోళ్లు మస్తు మంది ఉంటరు."

ఆయన కోప్పడలేదు. గడప మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగాడు. సంచిలోంచి కాగితం, సిరా దిండు తీశాడు.

"చూడమ్మా, లొల్లి చేసుడు నాకిష్టం లేదు. ఈ ఇంట్ల కిరాయిదారువని నీ పేరే రాస్త. ఎనిమిది నెలలైతుంది, పక్కింటోళ్లు చెప్తరు. వేలిముద్ర వెయ్యి. ఇగ నిన్ను లేపాలంటే ఏండ్లు పడ్తది."

నీలమ్మ తన బొటనవేలు చూసుకుంది. ఇన్నేళ్లలో తన పేరు తన పేరుగా రాస్తానన్న మొదటి మనిషి ఈయన. కానీ ఆనందరావు తిండి పెట్టాడు, అర్ర ఇస్తానన్నాడు. నమ్మి ఇల్లు అప్పగించినవాడి ఇల్లే ఎలా కాజేస్తుంది? మాట తప్పడం ఆమెకు చేతకాలేదు. చేతనైతే ఎంత బాగుండేది.

"ఆనందరావు నా చెల్లె కొడుకు సారు," అంది. "కొడుకింట్ల పెద్దమ్మ కిరాయికుంటదా?"

ఈశ్వరయ్య సిరా దిండు మూసి, సొంత కుటుంబమే ఉంటున్నదని రాసుకున్నాడు. "నీ ఇష్టం," అంటూ సైకిలెక్కాడు.

ఆ మధ్యాహ్నం ఆమె వెనక అర్రలో తలుపు చేరేసుకుని పడుకుంది. చాలా ఏళ్ల తర్వాత కమ్మగా నిద్ర పట్టింది.

సాయంత్రం ఆనందరావు వచ్చాడు. "పెద్దమ్మా!" అని వీధిలో అందరికీ వినపడేలా పిలిచాడు. లోపలికొచ్చాక గొంతు తగ్గించాడు.

"నీలమ్మా, పని ఐంది. ఎల్లుండి బ్యాంకు సారొకాయన దిగుతుండు. ఎనక అర్ర గూడ కావాలంటున్నరు." ఆయన ఆమెను చూడకుండా దూలాన్ని చూశాడు. "నువ్వు ఫికర్ చెయ్యకు. కొండల్ ఇల్లు ఖాళీ ఐంది, మాట్లాడిన. ఆయనకు నువ్వు చిన్నమ్మవు."

"సచ్చేదాక అంటివి గద బాపు."

"అన్న, నిజమే. ఏం జెయ్యాలె, వాళ్లు నా మాట ఇంటలేరు."

చెడ్డవాడైతే తిట్టుకునైనా తృప్తిపడేది. ఆయన చెడ్డవాడు కాడు. ఇచ్చిన మాట మీద నిలబడేంత మంచివాడూ కాడు.

నీలమ్మ చొక్కా, గౌను మడిచి ఆయన చేతికిచ్చింది. మూట కట్టుకుని బయటికొచ్చింది. రిక్షా కదలబోతుండగా ఆపించి అడిగింది.

"కొండల్ వాళ్ల నాయిన పేరేంది? అడిగితే చెప్పాలె గద."

ఆనందరావు చెప్పాడు. ఆ పేరును ఆమె పెదవులతోనే రెండుసార్లు అనుకుంది. రిక్షా మలుపు తిరిగింది.

ఆయన వెనక అర్రకు తాళం వేయబోయి లోపలికి తొంగి చూశాడు. మూలన ఇటుక మీద పెద్ద జాడీ. గుడ్డ విప్పాడు. ఒక్క మనిషికి ఏడాదంతా సరిపోయే మామిడికాయ తొక్కు పచ్చడి, నిన్ననే పెట్టినట్టుంది. ఏం చేయాలో తోచక మళ్లీ గుడ్డ కట్టి తలుపు వేసేశాడు.

చీర కొంగు చింపి మూతికి బిగించిన ఆ జాడీలో నూనె ఇంకా పైకి తేలలేదు.