పైకప్పుకి తిరిగిన అద్దం

నేను ఒక అద్దాన్ని. పెళ్లికూతుళ్లు మురిసిపోయే నిలువుటద్దాన్ని కాదు. కారులో డ్రైవరు నుదుటికెదురుగా వేలాడే జానెడు అద్దాన్ని. వెనక ఏం జరుగుతోందో ముందున్నవాడికి చూపించడం నా ఉద్యోగం.

ఇసుక కరిగి గాజునయ్యాను. వీపుకి వెండిరంగు పూసి, నల్లటి చట్రంలో బిగించారు. ఫ్యాక్టరీలో ఒకమ్మాయి నన్ను మెత్తటి గుడ్డతో తుడిచి, అటూ ఇటూ చూసి, నాలో తన బొట్టు సరిచేసుకుంది. నేను మొదట చూసిన మొహం అదే.

మా మొదటి యజమాని విజయనగరంలో పళ్ల డాక్టరు. వెనకొచ్చే లారీల కన్నా తన పళ్లనే నాలో ఎక్కువ చూసుకునేవాడు. ఎందుకోసం పెట్టుకున్నా, మనుషులు అద్దంలో చివరికి తమనే చూసుకుంటారని అక్కడే తెలిసింది. ఆయన కొత్త కారు కొనుక్కుని మమ్మల్ని లెక్కల మాస్టారు ధనుంజయకి అమ్మేశాడు.

ధనుంజయ, భార్య పావని, ఆరేళ్ల కూతురు వైదేహి, చంటివాడు తేజు. కారు వచ్చిన రోజు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు, వీధి గుమ్మంలోనే గడిపారు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం అరకు బయల్దేరాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కగానే చలి తగిలింది. ముందు సీట్లో అమ్మ ఒళ్లో తేజు తుమ్మాడు.

"స్వెట్టర్లేవి?" అన్నాడు ధనుంజయ.

"ఆ సంచి మీరు డిక్కీలో పెట్టారనుకున్నాను."

"అన్నీ నేనే పెట్టాలా? అదే మా అమ్మయితే..."

"మీ అమ్మగారైతే అసలు ప్రయాణమే పెట్టుకోనిచ్చేవారు కాదు."

అంతే. స్వెట్టర్లు పక్కకి పోయి, పెళ్లినాటి మాటలన్నీ కారెక్కాయి. బయట వలిసె పూల చేలు పసుపు ఆరబోసినట్టున్నాయి. దూరంగా కొండ నడుమున తెల్లటి ధార కనిపించింది.

"నాన్నా, జలపాతం! అదిగో!" అని వెనక సీట్లో ఎగిరింది వైదేహి. ఎవరూ తిరగలేదు. మళ్లీ అంది. ఆ తర్వాత దుప్పటి తలమీదకి లాక్కుని పడుకుంది. ఇంజను వేడెక్కిందని ఒక మలుపులో మొక్కజొన్న పొత్తులు కాల్చే చోట ఆగాం. ధనుంజయ దిగి బానెట్ ఎత్తాడు. పావని నన్ను తనవైపు తిప్పుకుని, చెదిరిన కాటుక కొంగుతో ఒత్తుకుని, విసురుగా పైకి నెట్టేసింది. నాకు కారు పైకప్పు తప్ప ఇంకేమీ కనిపించలేదు. వెనక తలుపు మెల్లగా తెరుచుకుని మూసుకోవడం మాత్రం విన్నాను.

ధనుంజయ వచ్చి కూర్చున్నాడు. నన్ను సర్దాలంటే భార్య వైపు చెయ్యి చాపాలి. అది ఇష్టంలేక అలాగే బండి తోలాడు. దారంతా తగువే.

జలపాతం దగ్గర ఆపాక పావని గొంతు మార్చుకుని, "వైదేహీ, లే తల్లీ, వచ్చేశాం" అని వెనక్కి చెయ్యి చాపి దుప్పటి లాగింది. కింద సంచీ ఉంది, బొమ్మ ఉంది. పిల్ల లేదు.

ఆవిడ వేసిన కేక నీళ్ల హోరులో కలిసిపోయింది. ధనుంజయ చేతిలోంచి తాళంచెవి జారి కింద పడింది. బండి తిప్పుతూ నన్ను సర్దాడు. నేను ఖాళీ సీటు చూపించాను. నా పని నేను చేసినందుకు నాకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

వైదేహి పొత్తుల పొయ్యి పక్కనే రాయి మీద కూర్చుని ఉంది. ఎవరిదో శాలువా కప్పుకుంది.

"పాప ఏడవలేదు బాబూ, నాకే గుండె దడ" అంది పొత్తులు కాల్చే ముసలమ్మ.

పావని కూతుర్ని కరుచుకుపోయింది. ధనుంజయ రోడ్డు మీదే కూలబడి, "ఎందుకు దిగావమ్మా? నన్ను పిలవకూడదా?" అన్నాడు.

"మీరిద్దరూ పోట్లాడుకుంటున్నారు కదా నాన్నా. అయిపోయాక పిలుస్తారని ఇక్కడ కూర్చున్నాను. అయిపోయిందా?"

ఆ పిల్ల నిందగా అనలేదు, నిజంగానే అడిగింది. ముసలమ్మ మొహం పొయ్యి వైపు తిప్పేసుకుంది. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోలేకపోయారు.

తర్వాత జలపాతానికి వెళ్లారు, తడిశారు, పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు కూతురి చెరో చెయ్యీ పట్టుకుని దొంగల్లా నిలబడ్డారు.

ఆ రోజు నుంచి ధనుంజయ నన్ను నమ్మడం మానేశాడు. బండి కదిలించే ముందు ప్రతిసారీ మెడ తిప్పి వెనక సీటు కళ్లారా చూసేవాడు. తగువులు ఆగలేదు గానీ, కారులో మాత్రం మళ్లీ వినలేదు.

కారుకి కాలం చెల్లింది. పాత ఇనుప కొట్టుకి చివరిసారి తోలుకెళ్తున్న రోజు కాలేజీ చదువుతున్న వైదేహి అడిగింది: "నాన్నా, అద్దం ఉండగా ఎందుకలా ప్రతిసారీ వెనక్కి తిరుగుతారు?"

ఆ పిల్లకి ఏమీ గుర్తులేదు.

"మెడ పట్టేస్తుందమ్మా, అలవాటైపోయింది" అన్నాడు. నాలో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పావని కిటికీ వైపు తిరిగిపోయింది.

వాళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. ఇప్పుడు నేను విరిగిన తలుపుల మధ్య వెల్లకిలా పడి ఉన్నాను. పిల్ల మర్చిపోవడం వాళ్ల అదృష్టమే. అయినా ఆ ఆటోలో కూర్చున్నప్పుడు కూడా ఇద్దరూ తలలు వంచుకునే ఉన్నారు.