కార్డు లేని డోళ్లు

"డోలు ఇంటి సామాను కాదమ్మా. పనిముట్టు కింద రాయాల్నంటే కళాకారుని గుర్తింపు కార్డు ఉండాలె. నీ మొగనికి కార్డేది?"

మండలాఫీసు గుమాస్తా దరఖాస్తును బల్ల మీద వెనక్కి తోశాడు. అది తిరిగిరావడం మూడోసారి. అతని తల వెనక గోడ మీద నిలువెత్తు ఫోటో ఉంది. అడవిదున్న కొమ్ముల తలపాగాలు, మెడల్లో పొడుగాటి డోళ్లు, ముందు వరసలో భీమయ్య. పండగల ప్రచారానికి సర్కారే తీయించిన ఫోటో.

గంగక్క వేలు చూపించింది. "గాయనే, సార్."

"ఫోటో రుజువు కాదు. అయినా మనిషే పాయె. పోయినోనికి సాయమెట్ల రాస్త?"

గంగక్కకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. కాగితం మడిచి కొంగున కట్టుకుని బస్సెక్కింది. రెండు నెలలుగా ఆమెకు ఏదీ రావడం లేదు.

సున్నంవాగు గుంపు ముప్పై గడపల కోయగూడెం. ఆ వానాకాలం గోదావరి ఎగదన్ని వాగు ఊరి మీద పడింది. ధాన్యం పోయింది, మేకలు పోయాయి. తాతలనాటి ఎనిమిది డోళ్లు, కొమ్ముల తలపాగాలు పోయాయి. బడిలో పెట్టిన శిబిరంలో భీమయ్యకు జ్వరం పట్టుకుంది. దవాఖానాకు తీసుకుపోతుండగా ట్రాక్టరులోనే ప్రాణం పోయింది. కోయగూడెంలో మనిషిని డోలుతో సాగనంపుతారు. చుట్టుపక్కల ఎవరు పోయినా డోలు మోసుకుపోయి కొట్టినవాడు భీమయ్య. అతన్ని మాత్రం చప్పుడు లేకుండా మోసుకుపోయారు. ఆరోజు నుంచి గూడెంలో పండగలకు ఆడవాళ్లు కలిసి పాడే రేల పాటకు ముందు గొంతు అయిన గంగక్క తనవాళ్ల ముందు నోరు తెరవలేదు.

వరదలో సామగ్రి పోయిన కళాకారులకు అత్యవసర సాయం అని పేపర్లో పడింది. పడిన సాయం శేషగిరికి దక్కింది. శేషగిరి ప్రోగ్రాముల కాంట్రాక్టరు. ఏ పెద్దమనిషి వచ్చినా వ్యానులు పెట్టి గూడేలనూ తండాలనూ తోలుకుపోయేది అతనే. డోలు పట్టడం రాని ఆ మనిషి దగ్గర బృందం పేరు మీద కార్డుంది.

గంగక్క దరఖాస్తు తిరిగొచ్చిన వారం తిరక్కుండా ఆ శేషగిరే గూడేనికి వచ్చాడు.

"మంత్రిగారు భద్రాచలం వస్తున్నరు. కళాకారులకు చెక్కులు పంచుతరు. గేటు కాడ మీ స్వాగతం ఉండాలె. డోళ్లు నేనే తెప్పిస్త. మంచిగ ఆడుండ్రి, సాయం ఇచ్చే వచ్చే లిస్టుల మీ పేర్లెక్కిస్త."

అతను పోయాక బడి వరండాలో అందరూ కూడారు. డోలుగాడు రమణ ముందు లేచాడు.

"ఆడదాం. నా బిడ్డకు పాలు లేవు. పౌరుషం తిని బతుకుతమా?"

"లిస్టు ఆని చేతిలకు ఎట్లొచ్చింది రమణా?" అంది కళావతి. ఆమె కూలి సంఘంలో తిరిగే పిల్ల, గూడెంలో డిగ్రీ చదివిన ఒక్కతే.

"ఎట్లనో వచ్చింది. మనకు గావలసింది తిండి."

మూలన కూర్చున్న దేవ్లా గొంతు సవరించుకున్నాడు. ఇల్లందు దగ్గరి లంబాడా తండాలో ఆడిపాడేవాళ్లకు పెద్ద. ఈ మాట తెలిసే మోటర్‌సైకిల్ మీద వచ్చాడు. "మా తండాకు గూడ గిదే లిస్టు చెప్పిండు. ముదిగొండ డప్పోళ్లకు గూడ. ఒక్క ఎముక జూపి ఊళ్లన్నిటినీ ఉరికిస్తున్నడు."

"అయితే ఎవరం పోవద్దు," అన్నారు కొందరు. "పోకుంటే వేరేటోళ్లను తెస్తడు," అన్నారు ఇంకొందరు. మాటా మాటా పెరిగింది. రమణ కర్ర నేలకేసి కొట్టాడు.

"పోదాం."

అన్నది గంగక్క. రెండు నెలల తర్వాత ఆ గొంతు విని అందరూ ఆగిపోయారు.

"అందరం పోదాం. డోళ్లు మెడలేసుకుందాం. కొట్టద్దు." ఆమె మాటలో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "నా మొగని సావుకు లేని డోలు, ఆ మంత్రి కారుకెందుకు?"

రమణ కర్ర పక్కన పెట్టాడు. దేవ్లా ఫోను తీసి ముదిగొండకు కలిపాడు.

మంత్రి వచ్చే రోజు ఫంక్షన్ హాలు గేటు ముందు రోడ్డుకు అటూ ఇటూ డెబ్బై మంది నిలబడ్డారు. కోయ డోళ్లు, డప్పులు, తండా ఆడవాళ్ల అద్దాల పేట్యా లంగాలు. ఎండ మండుతోంది. కార్లు రానే వచ్చాయి. శేషగిరి చెయ్యి ఊపాడు.

ఎవరూ కొట్టలేదు.

"కొట్టుండ్రా!" అతను వరస వెంట పరుగెత్తాడు. రమణ చెయ్యి డోలు మీదికి లేచింది. గంగక్క అతన్ని చూసింది, ఊరికే చూసింది. అతని చెయ్యి కిందికి దిగింది. ఒక్కొక్కరే డోలు తీసి రోడ్డు మీద పెట్టారు. కారు ముందు వరసగా డోళ్లు. కళావతి డిమాండ్లు రాసిన కాగితం పైకెత్తింది.

"కార్డుతో పని లేకుండ, గ్రామసభ మాట మీద ప్రతి కళాకారునికి సాయం ఇయ్యాలె! మా పేరు మీద కాంట్రాక్టరు తిన్నది కక్కియ్యాలె!"

లాఠీలు లేచాయి. దేవ్లా నుదురు పగిలింది. మంత్రి కార్లు వెనక గేటుకు మళ్లాయి. ఏడుగురిని వ్యానులో పడేశారు. గంగక్కను జుట్టు పట్టి ఎక్కించారు. ఆ నొప్పి కూడా ఎవరిదో అన్నట్టే ఉంది ఆమెకు.

స్టేషన్‌లో ఎస్సై పేర్లు రాసుకుంటున్నాడు.

"ఏం పని చేస్తవ్?"

"కూలి అని రాయండి సార్," అన్నాడు పక్కనున్న కానిస్టేబుల్.

"కూలి గాదు," అంది గంగక్క. "రేల పాడుత. మా అమ్మ పాడింది, ఆమె అమ్మ పాడింది. అది రాయి."

ఎస్సై విసుక్కుంటూ రాశాడు. వృత్తి: కళాకారిణి.

నుదుటికి తువ్వాలు అదుముకున్న దేవ్లా నవ్వాడు. "సార్, దానికి జిరాక్సు తీసియ్యి. మండలాఫీసుల అడుగుతున్నరు."

పట్టుకొచ్చిన మిగతా ఐదుగురూ నవ్వారు. గంగక్కకు నవ్వు రాలేదు. ఆ అక్షరాల వంక చూస్తుంటే మాత్రం భీమయ్య పోయాక మొదటిసారి కళ్లు మండాయి.

అంతలో బయట అలికిడి. పోలీసులు తరిమేసిన అరవై ముగ్గురూ తిరిగొచ్చి గేటు లోపలికి నడుస్తున్నారు. కానిస్టేబుల్ అడ్డం పోయాడు.

"ఏంది? మీకేం గావాలె?"

"మా పేర్లు గూడ రాసుకోండ్రి."

ముందున్నది రమణ. చొక్కా చిరిగి ఉంది, చంకలో బిడ్డ ఉంది. ఎస్సై బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని వెనక వరస రోడ్డు దాకా ఉంది.

"పేరు?"

"రమణ."

"పని?"

"డోలు కొడుత సార్. ఇయ్యాల కొట్టలే."