ప్రయాణం వద్దన్న చీటీ

నఖోన్ పథోమ్ స్తూపం చూపించి తీసుకొచ్చే ఆదివారం రైలు తిరుగుప్రయాణానికి కూత వేసింది. మా పక్కింటి చువాయ్ మామ మాత్రం ప్లాట్‌ఫారం మీద కూలబడ్డాడు. గుళ్లో వెదురు పుల్లల డబ్బా ఊపి తెచ్చుకున్న జాతకం చీటీలో ‘నేడు ప్రయాణం కీడు’ అని ఉంది.

"నేనెక్కను. ఎక్కితే చస్తా."

"అయితే ఇక్కడే కుక్కల పక్కన పడుకో," అంది లమ్యై అత్త కిటికీలోంచి.

మామ కదల్లేదు. అత్త దిగివచ్చి చొక్కా పట్టుకుంది.

"ఇదిగో, ప్రయాణం చేసేది నేను. నువ్వు నా సామానువి. పద!"

 మామ ఎక్కి, అత్త కొన్న వెదురు బొంగుల్లో వండిన అన్నం సంచుల నడుమ ముడుచుకుని కూర్చున్నాడు. బ్యాంకాక్ దాకా నోరు విప్పలేదు. అందరూ దిగినా లేవలేదు.

"ఊరొచ్చింది, దిగవయ్యా!" అంది అత్త.

"సామాను దానంతటది దిగుద్దా?" అన్నాడు మామ.