జాజికాయల అప్పీలు

ఇది అబద్ధమనేవాడు ఉంటే ఇప్పుడే లేచి నిలబడాలి. గ్రెనడా దీవిలో నా కథని కాదని నెగ్గినవాడు ఇంకా పుట్టలేదు.

ఎర్మీన్ కాడోర్ రోజూ పొద్దున్నే జాజికాయల కొట్టుకు వెళ్ళేది. జాపత్రి ఒలిచేది, కాయలు ఆరబోసేది, ఒక్కోదాన్నీ చెవి దగ్గర ఆడించేది. లోపల పప్పు గలగలమంటేనే పగలగొట్టేది. ఒకనాడు ఆ కొట్టు తగలబడింది. మంటలు ఎంత ఎత్తు లేచాయంటే, పక్క దీవివాళ్ళు తెల్లారిందనుకుని పళ్ళు తోముకున్నారు. నిప్పు పెట్టింది ఎర్మీనేనని కేసు పెట్టారు.

బోనులో ఆమెను నిలదీసింది సర్కారు వకీలు కత్‌బర్ట్ ఆలేన్. ఆయన గొంతెత్తితే రేవులో పడవలు తాళ్ళు తెంచుకునేవి.

"మంటల దగ్గర నీ గొడుగు చూశానన్నాడు కాపలావాడు. వాడు అబద్ధాలకోరా? ఔనా, కాదా?"

"కాదండీ, కానీ ఆ గొడుగు..."

"కాదట! విన్నారుగా జూరీవారూ! గొడుగు నడిచెళ్ళిందా మరి?"

మాట తెగినప్పుడల్లా, మిగిలిన ముక్క ఆమె నోట్లోంచి జాజికాయై ఒళ్ళో పడేది.

"నేలమీద దొర్లనివ్వకమ్మా, ఇప్పుడే ఊడ్చాను," అన్నాడు బంట్రోతు. జడ్జిగారు గడియారం చూసుకున్నారు. సాయంత్రానికి ఒడి నిండింది. జైలు శిక్షా పడింది.

ఆమె తరఫు లాయరు రోజ్లిండ్ అప్పీలు వేసి జైలుకొచ్చింది. "ఆ వకీలు వెక్కిరింపులు కోర్టు రికార్డు కాగితం మీద చప్పగా కనిపిస్తున్నాయి ఆంటీ, వాటితో నెగ్గలేం. ఆ కాయలివ్వు, ఇప్పుడే కొట్టి చూద్దాం."

"పచ్చివి కొడితే పప్పు చితుకుతుందే పిల్లా. నీ తొందరా ఆ వకీలు తొందరా ఒకటే!"

జైలు కిటికీలో కాయలు ఎండుతూనే ఉన్నాయి. ఎర్మీన్ రోజూ ఆడించేది. చప్పుడు లేదు. అప్పీలు వాయిదా రానే వచ్చింది. పోలీసు బండి కొండ దిగుతుంటే, ఒళ్ళో మూట గలగలమంది.

"అడిగినదానికల్లా ఆమె జవాబిచ్చింది ప్రభూ," అన్నాడు ఆలేన్, పైకోర్టులో ముగ్గురు జడ్జీల ముందు.

రోజ్లిండ్ ఒక కాయ పగలగొట్టింది. ఆనాటి ఎర్మీన్ గొంతే పలికింది: "...ముందురోజు వానలో మా కొట్టు మేనేజరు దొర తీసుకెళ్ళాడండీ. తిరిగివ్వలేదు."

"అది కాదు ప్రభూ..." అని అడ్డొచ్చాడు ఆలేన్.

"కూర్చోండి," అంది పెద్ద జడ్జి. "ఆమె మాట్లాడుతోంది."

ఒక్కో కాయా పగిలింది. జాజి వాసనకు సముద్రంలో చేపలు సైతం తుమ్మాయి. ఆఖరికి పెద్ద జడ్జి అంది: "ఇవి నిజాలా కాదా అని మేం తేల్చడం లేదు. జూరీ వినాల్సిన మాటలివి. విననివ్వలేదు. శిక్ష రద్దు."

ఎర్మీన్ పెంకులు మూటగట్టుకుని బస్సెక్కి ఇంటికెళ్ళింది.

నమ్మరా? అయితే కోర్టుకెళ్ళి ఒకాయన్ని అడగండి. ఇప్పుడాయన ప్రశ్న వేశాక బుగ్గన ఒక జాజికాయ పెట్టుకుంటాడు, ఎదుటిమనిషి చెప్పడం అయ్యేదాకా తీయడు. పేరు కత్‌బర్ట్ ఆలేన్.